చింతపండు పెట్టి తోమిన కత్తి

పాలకొల్లుకీ నరసాపురానికీ నడుమ ఒక ఊళ్ళో, వశిష్ఠ గోదావరి గట్టు దిగీ దిగగానే ఒక మండువా లోగిలి ఉండేది. రాజుల లోగిలి. ఆ ఇంట్లో ముత్తాతలనాటి కత్తులు రెండుండేవి. ఒకే కమ్మరి చేతిలో పుట్టిన జంట. ఒకదానికి వెండి తాపడం పిడి, ఎర్ర మఖమల్ ఒర. రెండోదానికి మామూలు ఇనప పిడి. దాని ఒర ఏనాడు పోయిందో ఎవరికీ గుర్తులేదు. పిడి బాగున్న కత్తి భోషాణంలోకి వెళ్ళింది. బాగులేనిది వంటింటి అటకెక్కి, పాత ఆవకాయ జాడీల వెనక పడుకుంది. కింద పిడకల పొయ్యి పొగ, పోపుల నూనె ఆవిరి తగిలి తగిలి దానిమీద నల్లటి జిడ్డు పేరుకుపోయింది.

1986 ఆగస్టులో గోదావరి వచ్చినప్పుడు ఆ ఇంట్లో నడుం లోతు నీళ్ళు నిలిచాయి. భోషాణం మునిగింది. అటక మునగలేదు. నీళ్ళు తీశాక పట్టుచీరలు ఆరేశారు, దస్తావేజులు కాగితం కాగితం విడదీసి ఎండబెట్టారు. కత్తిని మాత్రం ఒరలోంచి తియ్యలేదు. పైన మఖమల్ ఆరింది కదా, లోపలా ఆరే ఉంటుందనుకున్నారు.

ఏళ్ళు గడిచాయి. ఇంట్లో చిన్నవాడికి పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు చేత కత్తి పట్టించడం వాళ్ళ ఆచారం. మాఘమాసంలో ముహూర్తం. పదిరోజుల ముందు భోషాణం తెరిచి కత్తి తీయబోతే అది ఒరలోంచి రాలేదు. ఒకరు పిడి, ఒకరు ఒర పట్టుకుని లాగారు. కిర్రుమంటూ వచ్చింది. దానితోపాటు గుప్పెడు ఎర్రపొడి నేలమీద రాలింది.

“అయ్య బాబోయ్, ఇలా అయిపోయిందేంటండీ!” అంది కోడలు.

“తోమితే పోద్ది. చింతపండు నానెయ్యి,” అన్నారు మామ్మగారు.

ఆవిడ మాటకి ఆ ఇంట్లో తిరుగులేదు. అరవై ఏళ్ళుగా గంగాళాలు, బిందెలు, మరచెంబులు, దీపపు కుందులు చింతపండుతో తోమి బంగారంలా బోర్లించిన చెయ్యి అది. కత్తికి చింతపండు పట్టించారు. పొద్దున్నకి ఎరుపు కొంత కరిగి, పళ్ళెంలో నీళ్ళు మడ్డిగా మారాయి. కోడలికి అది చాలలేదు. నిమ్మచెక్క ఉప్పులో అద్ది రుద్దింది. ఇంకొంచెం పోయింది. పెళ్ళికొడుకు ఫోన్లో ఏదో వీడియో చూసి రెండు సీసాల కూల్‌డ్రింకు తెచ్చి అందులో నానబెట్టాడు. బుడగలు వచ్చాయి. అందరూ చుట్టూ మూగారు. బావగారొచ్చి, “ఇదంతా ఎందుకండీ, బాత్‌రూములు కడిగే యాసిడ్ ఉండగా?” అన్నాడు. అదీ పోశారు. ఘాటుకి అందరూ దగ్గుకుంటూ వాకిట్లోకి పరుగెత్తారు. తిరిగొచ్చి చూస్తే మాత్రం పని జరిగింది. మిగిలిన మచ్చల్ని పాలేరు ఇటుకపొడితోనూ గరుకు కాగితంతోనూ సాపు చేశాడు.

ఏ మందూ వికటించలేదు. అన్నీ పనిచేశాయి. ఈ కథలో గుర్తుంచుకోవలసింది అదే.

ఆఖరి రోజు పళ్ళెం కడుగుతుంటే అడుగున సన్నటి పసుపుపచ్చ పోగు ఒకటి కనపడింది. చింతపండు ఈనె అనుకుని మామ్మగారు చిటికెనవేలితో తీసి తూములో పారేశారు. తర్వాత ఇంకోటి. అదీ పారేశారు.

కత్తిని టౌనుకి పంపి మిషను మీద పాలిష్ పట్టించారు. కత్తిలో మొహం కనపడింది. పెళ్ళిలో ఫోటోల వాళ్ళు దాన్ని అటూ ఇటూ తిప్పించి తీసిన ఫోటోలు వంద పైనే. కత్తి మళ్ళీ మఖమల్ ఒరలోకి, ఒర భోషాణంలోకి వెళ్ళాయి.

ఆషాఢంలో పెళ్ళికూతురి తాతగారు చుట్టపుచూపుగా వచ్చారు. భోజనాలయ్యాక మండువాలో కూర్చుని, “బావగారూ, మీ కత్తుల మీద బంగారపు రాత ఉండేదని మా నాన్నగారు చెప్పేవారండి. చిన్నప్పుడు ఈ ఇంట్లోనే చూశారట. పెళ్ళి హడావిడిలో అడగలేకపోయాను. ఓసారి చూపిస్తారా?” అన్నారు.

కత్తి తీశారు. రాతా లేదు, మెరుపూ లేదు. పాలిష్ పట్టిన చోటల్లా మినపగింజంత ఎర్రటి పొక్కులు లేచి ఉన్నాయి. గోటితో గీకితే పొడి రాలి, కింద గుంట కనపడుతోంది. పిడి దగ్గర, రాత ఉండవలసిన చోట వేలితో తడిమి చూశారు. నున్నగా ఉంది.

మామ్మగారు ఏమీ అనలేదు. లేచి వెళ్ళి తూము దగ్గర కాసేపు నిలబడి వచ్చారు. వచ్చి, “అటక మీద ఇంకోటి ఉండాలి, చూడండి,” అన్నారు.

దాన్ని ఈసారి ఇంట్లో ఎవరూ ముట్టుకోలేదు. ఊరి చివర కొలిమి వదిలేసి మంచం పట్టబోతున్న కమ్మరి తాతని కారెక్కించుకొచ్చారు. ఆయన కత్తిని వెలుగులోకి పట్టి, వాసన చూసి, “పొగ కాపాడిందండి దీన్ని. జిడ్డు కాపాడింది,” అన్నాడు. కాస్త కిరసనాయిలు, మెత్తటి పాత పంచెగుడ్డ, వెదురు పుల్లలు, అరిగిపోయిన రాగి కాణీ ఒకటి అడిగాడు. అంతే.

“నిమ్మకాయలు తెప్పించమంటావా తాతా?” అన్నాడు పెళ్ళికొడుకు.

“పులిహోరకైతే తెప్పించండి బాబూ.”

ఆయన పని చూడ్డానికి కూర్చున్నవాళ్ళు గంటలో విసిగి లేచిపోయారు. కిరసనాయిల్లో తడిపిన గుడ్డ కత్తికి చుట్టి రాత్రంతా వదిలేస్తాడు. మర్నాడు విప్పి తుడుస్తాడు. ఎర్రటి పెచ్చు కనపడితే రాగి కాణీ అంచుని వాలుగా ఆనించి, నూనె చుక్క వేసి, పెచ్చు కిందికి పోనిచ్చి మెల్లగా లేపుతాడు. రాగి ఉక్కు కంటే మెత్తన. అరిగితే కాణీయే అరుగుతుంది గాని కత్తి మీద గీత పడదు. లేవకపోతే బలవంతం చెయ్యడు. మళ్ళీ గుడ్డ చుట్టేస్తాడు. పిడి దగ్గరికొచ్చేసరికి కాణీ కూడా పక్కన పెట్టి, వెదురు పుల్ల చివర నలిపి కుంచెలా చేసి, దానితో తుడిచాడు. శ్రావణం వెళ్ళి భాద్రపదం వచ్చింది.

ఒకనాడు రాజుగారు వచ్చి చూసి, “ఇంకా నల్లగానే ఉందేంటి?” అన్నారు.

“నలుపుని ఉండనివ్వండి. నా తగువు ఎరుపుతోటేనండి.”

వినాయక చవితి వెళ్ళాక కత్తి ఇచ్చేశాడు. తళుకేమీ లేదు. నల్లటి ఒంటిమీద పిడికి బెత్తెడు దూరంలో బంగారు తీగ అక్షరాలు మాత్రం తేటగా కనిపిస్తున్నాయి. పెళ్ళికూతురి తాతగారే కళ్ళజోడు సవరించుకుని చదివారు.

“అని చెప్పి పెద కొడుకునకు ఇచ్చినది.”

వాక్యం రెండు కత్తుల మీద సగం సగం ఉంది. ఏమి చెప్పి ఇచ్చారో తోమిన కత్తి మీద ఉంది.

ఆ ఇంట్లో ఇప్పటికీ ఆ మాట తేలలేదు. పొలం అమ్ముదామంటే పెద్దన్నగారు, “పొలం అమ్మవద్దు అని చెప్పి ఇచ్చారురా ఆ కత్తి,” అంటారు. వాటా అడిగినప్పుడు తమ్ముడుగారు, “తమ్ముణ్ణి బాగా చూసుకో అని చెప్పే కదండీ మీకిచ్చింది,” అంటారు. కోడలి లెక్కలో ముత్తాతగారు కోడళ్ళ మాట వినమని చెప్పారు. మామ్మగారు మాత్రం ఏ పక్కా మాట్లాడరు.

ఇక నీతి. తుప్పు వదిలించడానికి వంటింట్లో సవాలక్ష దినుసులుంటాయి. ఎక్కడ ఆపాలో చెప్పే దినుసు ఒక్కటీ ఉండదు.

ఈ నీతిని మామ్మగారి మీద రాళ్ళు వెయ్యడానికి వాడుకునేవాళ్ళుంటారు. నేను వాళ్ళలో చేరను. ఆవిడ తప్పు చేశారు గాని అజ్ఞానంతో కాదు, అనుభవంతో చేశారు. ఇత్తడికీ రాగికీ పట్టిన చిలుము మీద చింతపండులోని పులుపు చక్కగా పనిచేస్తుంది. చిలుము కరుగుతుంది, లోహం దాదాపు అలాగే నిలుస్తుంది. ఇనుము అలా నిలవదు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లమైనా, నిమ్మలోని సిట్రిక్ ఆమ్లమైనా, కూల్‌డ్రింకుల్లో కొన్నిటిలో ఉండే ఫాస్ఫారిక్ ఆమ్లమైనా తుప్పుని తిని ఊరుకోవు. తుప్పు అయిపోయాక కింది ఇనుముని తినడం మొదలెడతాయి. అందరూ మూగి చూసిన ఆ బుడగల్లో మంచి ఉక్కు కరిగి పుట్టిన హైడ్రోజన్ కూడా ఉంది. ఆ వాయువు కొంత గట్టి ఉక్కులోకి దిగి దాన్ని పెళుసు చేస్తుంది కూడా. ఇత్తడి దగ్గర నేర్చిన చెయ్యి మెరుపు రాగానే పని అయిందనుకుంటుంది. పాత ఇనుము దగ్గర మెరుపు వచ్చిందంటే ఆగవలసిన చోటు దాటిపోయామని అర్థం.

కోడలి ఉప్పు సంగతి ఇంకా పాడు. ఉప్పులోని క్లోరైడ్ ఇనుముకి పట్టిన శని. తుప్పు తొలిచిన గుంటల్లోకి దిగి కూర్చుంటే పైపైన ఎన్ని నీళ్ళు పోసినా తొందరగా పోదు. గాలిలో కాస్త తేమ తగిలితే చాలు, మళ్ళీ లోపల్నుంచి తొలుస్తుంది. బాత్‌రూము యాసిడ్‌లో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అంటే పులుపూ క్లోరైడూ రెండూ కలిసి వచ్చాయన్నమాట. ఆషాఢానికి పొక్కులెందుకు లేచాయో ఇక వేరే చెప్పక్కర్లేదు. సముద్రపు గాలి తగిలే నరసాపురం వైపు ఇది మరీ నిజం.

బంగారపు రాతకి పట్టిన గతి కూడా అటువంటిదే. ఉక్కు మీద బంగారు పని చేసే కారీగరులు ముందు ఉక్కుని సన్నగా గాట్లు పెట్టి గరుకు చేస్తారు. ఆ గరుకు మీద బంగారు తీగ పెట్టి కొడతారు. తీగని పట్టుకుని ఉంచేది ఆ గాట్లే. ఆమ్లం బంగారాన్ని ఏమీ చెయ్యలేదు. దాని కింది గాట్లని తినేస్తుంది. పట్టు వదిలిన తీగ పళ్ళెంలోకి వస్తుంది, చూసినవాళ్ళకి చింతపండు ఈనెలా కనపడుతుంది.

మన నేల కత్తుల విషయంలో ఇంకో సంగతి ఉంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు మూసల్లో కరిగించి తీసిన ఉక్కు పశ్చిమాసియా దాకా వెళ్ళింది. సర్వే పనిమీద తిరిగిన హెన్రీ వాయిసీ అనే వైద్యుడు, భూగర్భ శాస్త్రం తెలిసినవాడు, అక్కడి పని కళ్ళారా చూసి రాశాడు. ఆయన రాసినది 1832లో అచ్చయింది. ఉక్కు కొనడానికి ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడి ప్రస్తావన కూడా అందులో ఉంది. డెమాస్కస్ కత్తులని ప్రపంచమంతా చెప్పుకునే వాటికి వాడిన ఉక్కు ఈ జాతిదే. దాదాపు ఒకటిన్నర శాతం కార్బన్ ఉండే ఆ ఉక్కుని నేర్పుగా సాగగొడితే ఒళ్ళంతా నీటి అలల్లాంటి చారలు ఏర్పడతాయి. ఆ చారలు పైకి కనపడేది పలచని ఆమ్లపు పూత తగిలాకే. అంటే కత్తికి ఆమ్లం పెట్టడం పాపమేమీ కాదు. పాతకాలపు పనివాళ్ళూ పెట్టారు. ఎంతసేపు పెట్టాలో, ఎప్పుడు కడిగెయ్యాలో వాళ్ళకి తెలుసు. పాలిష్ మిషను మీద చెరిగిన చారల్ని తెలిసిన చెయ్యి పడితే మళ్ళీ పైకి తెప్పించవచ్చు, కత్తి ఎక్కడా ఎర్రగా కాలి ఉండకపోతే. తూములోకి పోయిన రాతని మాత్రం ఎవరూ తేలేరు.

కమ్మరి తాత నలుపుని వదిలెయ్యమనడం ముసలితనపు చాదస్తం కాదు. ఎర్ర తుప్పు పొరలుగా విప్పుకుని నీటినీ గాలినీ లోపలికి రానిస్తుంది. గట్టిగా అంటుకున్న నల్లటి ఆక్సైడ్ పొర చాలావరకు రానివ్వదు. ఢిల్లీలో గుప్తుల కాలపు ఇనప స్తంభం పదహారు వందల ఏళ్ళుగా ఎండకీ వానకీ నిలిచిందంటే, దానిమీద ఏర్పడిన పలచని పొర పుణ్యమే. ఆ ఇనుములో భాస్వరం ఎక్కువ ఉండటం వల్ల ఆ పొర అంత గట్టిగా అంటుకుందని శాస్త్రజ్ఞులు తేల్చారు. ఆ స్తంభం కూడా ఒకచోట నున్నగా మెరుస్తుంది. వెనక్కి చేతులు చాపి దాన్ని వాటేసుకుంటే కోరిక తీరుతుందని జనం నమ్మి, రాసీ రాసీ మెరిపించిన చోటు అది. ఇక తట్టుకోలేక 1997లో చుట్టూ కంచె కట్టారు.

ఎరుపుని నలుపుగా మార్చే విద్య మన కలంకారీ అద్దకం వాళ్ళ దగ్గర ఎప్పటినుంచో ఉంది. పెడనలోనూ శ్రీకాళహస్తిలోనూ తుప్పుపట్టిన ఇనప ముక్కల్ని బెల్లపు నీళ్ళలో రోజుల తరబడి పులియబెడతారు. కరక్కాయ రసం పట్టించిన గుడ్డ మీద ఆ నీళ్ళతో గీస్తే గీత నల్లబడుతుంది. కరక్కాయలోని వగరు, అంటే టానిన్, ఇనుముతో కలిసి నలుపవుతుంది. మ్యూజియంల వాళ్ళు తుప్పు ఆపడానికి టానిక్ ఆమ్లం వాడటం వెనకున్నదీ ఇదే గుణం. అంతమాత్రాన డికాక్షన్ కాచి కత్తి మీద పొయ్యమని కాదు నేననేది.

మీ ఇంట్లోనూ ఇటువంటి కత్తి ఉంటే, ముందు దాని ఈడు తెలుసుకోండి. నూరేళ్ళు దాటినది 1972 చట్టం ప్రకారం పురావస్తువు. దానిమీద రాతగాని, తీగపనిగాని, చారలుగాని ఉన్నాయన్న అనుమానం ఉంటే ఇంట్లో ఏదీ రాయకండి. లక్నోలో 1976 నుంచి ఇటువంటి పనికోసమే కేంద్ర ప్రభుత్వపు సంరక్షణ ప్రయోగశాల ఉంది. పురావస్తు శాఖవాళ్ళని అడిగితే సరైన చోటు చెబుతారు. మామూలు కత్తయితే కమ్మరి తాత దారి చాలు. నూనె, మెత్తటి గుడ్డ, ఉక్కు కంటే మెత్తనిదేదో ఒకటి, బోలెడు తీరిక. కిరసనాయిలు వాడితే పొయ్యికీ దీపానికీ దూరంగా, గాలి ఆడే చోట కూర్చోండి. పని అయ్యాక ఒట్టి చేత్తో ముట్టుకోకండి, చెమటలోనూ ఉప్పుంటుంది. పొడిగా తుడిచి కుట్టుమిషను నూనె పలచగా రాయండి. కొబ్బరినూనె వద్దు. కోనసీమ వాళ్ళకి ఈ మాట రుచించదు గాని, నిలవైన కొద్దీ ఆ నూనెలోనే పులుపు పుడుతుంది. ఒరలో మాత్రం దాచకండి. తోలూ మఖమల్లూ తేమని పట్టి ఉంచుతాయి. ఒరని పక్కన పెట్టి, కత్తిని శుభ్రమైన నూలు గుడ్డ మీద పడుకోబెట్టి, వానాకాలమంతా నెలకోసారి తీసి చూస్తే తుప్పు గింజంత ఉన్నప్పుడే దొరుకుతుంది.

పెళ్ళిఫోటోకి తళతళలాడే కత్తి కావలసినవాళ్ళు పెళ్ళిసామాన్ల కొట్లో కొత్తది కొనుక్కోవడం మేలు. దాన్ని చింతపండు పెట్టి తోముకున్నా అడిగేవాళ్ళుండరు.